ఏటీ టైర్లు కొంటున్నారా? ట్రెడ్ సంగతి తర్వాత, ముందు సైడ్‌వాల్ చదవండి

హాయ్ అండీ. ఈరోజు కెమెరా బాగా కిందికి పెట్టాను, ఎందుకంటే నేను చూపించాల్సింది బండి కాదు, టైరు పక్కన ఉన్న ఈ అంకెలు. ఏటీ అంటే ఆల్ టెర్రైన్, రోడ్డు మీదా మట్టి దారుల్లోనూ నడిచే టైరు. అది అనగానే అందరం ట్రెడ్, అంటే నేలకి ఆనే గాళ్ల భాగం, ఎంత మొరటుగా ఉందో చూసి మురిసిపోతాం. నేనూ అంతే, అందుకే ఏడాదిగా ఈ సెట్‌తో తిప్పలు పడుతున్నాను.

నా పికప్‌కి కంపెనీ నుంచి వచ్చిన సైజు 265/65 ఆర్ 17. ఇందులో 265 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. నేలకి ఆనే భాగం వెడల్పు కాదండీ, ఈ సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, నుంచి ఆ సైడ్‌వాల్ దాకా. 65 మాత్రం శాతం, అంటే 265లో 65 శాతం, దాదాపు 172 మిల్లీమీటర్లు, అదీ సైడ్‌వాల్ ఎత్తు. ఆర్ అంటే రేడియల్, టైరు లోపలి అల్లిక రకం, చాలామంది రేడియస్ అనుకుంటారు. 17 ఏమో రిమ్ వ్యాసం, అది అంగుళాల్లో. ఒక్క లైన్లో మిల్లీమీటరు, శాతం, అంగుళం మూడూ కలిపేశారు, ఎవరి పుణ్యమో గానీ!

17 అంగుళాలంటే 432 మిల్లీమీటర్లు, దానికి పైన 172, కింద 172 కలిపితే టైరు మొత్తం ఎత్తు 776. నేను వేయించుకున్నది 265/70 ఆర్ 17. 65 ఎక్కడ, 70 ఎక్కడ, అయిదే కదా తేడా అనుకున్నాను. లెక్కేస్తే ఎత్తు 803కి పోయింది. సరే, 27 మిల్లీమీటర్లు పెరిగింది కదా అని సంతోషపడితే, బండి లేచేది అందులో సగమే, అంటే చిటికెన వేలి మందమంత! ఆ కాస్త ఎత్తు కోసం మీటర్ 100 చూపిస్తుంటే బండి దాదాపు 103 మీద పోతోంది, కదిలేటప్పుడు మునుపటి చురుకు లేదు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ చేస్తే లోపల ప్లాస్టిక్‌కి టైరు రాసుకుంటోంది. షాపులో అడిగితే "పడుతుంది సార్" అన్నారు. పట్టింది, అబద్ధం కాదు, స్టీరింగ్ తిన్నగా ఉన్నంతసేపు.

ఇంకో తప్పు కూడా చేశాను, నన్నడిగితే అదే పెద్దది. సైజు ముందు ఎల్‌టీ అని ఉంది చూడండి, లైట్ ట్రక్ అని. ఆ పక్కన లోడ్ రేంజ్ ఈ, టైరు ఎంత గట్టిదో చెప్పే అక్షరం. సైజు తర్వాత 121/118 ఎస్. 121 అంటే ఆ టైరు మోయగలిగింది 1450 కేజీలు. 118 అనేది వెనక జంట చక్రాలున్న బండ్లకి, మనకి అక్కర్లేదు. ఎస్ అంటే గంటకి 180 కిలోమీటర్ల దాకా. నా పాత టైరు మీద 112 ఉండేది, అంటే 1120 కేజీలు. నాలుగు కలిపితే 4480, నా బండి నిండా సరుకు ఎక్కించినా అంత తూగదు. మరి నాకు 121 ఎందుకు? గట్టిగా ఉంటే మంచిదే కదా అని! ఇప్పుడు ప్రతి గుంతా నడుముకి తెలుస్తోంది, టైరు బరువు పెరిగేసరికి మైలేజీ కూడా తగ్గింది. రోజూ బరువులు మోసేవాళ్లకీ, పదునైన రాళ్ల దారుల్లో తిరిగేవాళ్లకీ ఇది సరైన టైరే, కాదనను. కానీ కంపెనీ ఇచ్చిన లోడ్ ఇండెక్స్, అంటే ఈ 112, 121 లాంటి అంకె, కన్నా తక్కువది మాత్రం ఎవరూ వేయకండి, ఎంత నచ్చినా సరే. ఇంకో మాట, ఎల్‌టీకి మారితే డోర్ స్టిక్కర్ మీదున్న గాలి లెక్క సరిపోదు, అదే బరువు మోయాలంటే ఎక్కువ గాలి కావాలి, కాబట్టి టైరు కంపెనీ లోడ్ చార్ట్ చూడండి.

ట్రెడ్ గురించి త్వరగా చెప్పేస్తాను. మట్టి, కంకర మీద పట్టు బాగుంది, తారు రోడ్డు మీద కాస్త మోత ఉంది, తడి రోడ్డు మీద బ్రేక్ వేస్తే పాత హైవే టైర్ల కన్నా కొంచెం ముందుకెళ్లి ఆగుతోంది. మంచులో తిరిగేవాళ్లు ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, బురద, మంచు) అన్న అక్షరాలు చూసి ఆగిపోకండి, మూడు శిఖరాల కొండలో మంచు రేకు బొమ్మ ఉండాలి, పరీక్ష పాసైతేనే అది వేస్తారు.

కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద DOT అని మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలు చూడండి, 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని.

స్టెప్నీ సంగతి మర్చిపోయాను, నిజంగానే మర్చిపోయాను, నాది ఇంకా పాత సైజే. పంక్చరై దాన్ని వేసుకుంటే ఒక చక్రం చిన్నది, మూడు పెద్దవి. అలా ఫోర్ వీల్ డ్రైవ్ వేసి గట్టి రోడ్డు మీద నడిపితే గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. మార్చితే అయిదూ మార్చండి, కింద స్టెప్నీ పెట్టే చోట పెద్దది పడుతుందో లేదో ముందే కొలవండి.

నేనైతే మళ్లీ 265/65కే వెళ్తున్నాను, ఏటీయే గానీ ఎల్‌టీ కాదు. ఆగండి, ఇంజిన్ స్టార్ట్ చేస్తా, స్టీరింగ్ మొత్తం తిప్పి వెనక్కి పోనిస్తున్నా. ఆ గరగర వినిపించిందా?