ఫోన్-ఇన్: ఇంట్లో కట్టుకునే సీఎన్‌సీ, ఎర్ర బటన్ దేన్ని ఆపాలి?

యాంకర్: నమస్కారం. ఇవాళ్టి విషయం ఇంట్లో కట్టుకునే సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ ఆదేశాలతో కదిలి చెక్కే మెషీన్. స్టూడియోలో మెషీన్ డిజైన్ ఇంజినీరు గారున్నారు. తెనాలి నుంచి ఫోన్, మాట్లాడండి.

కాలర్: హలో, వినపడుతోందాండీ? నమస్తే సార్. రెండడుగులకి మూడడుగుల మెషీన్ కడుతున్నానండి. చెక్క మీద చెక్కడానికి, దాని మీదే లేజర్ కూడా. మెషీన్‌ని నడిపే ఆర్డినో బోర్డు, దాని మీద కూర్చునే సీఎన్‌సీ షీల్డు బోర్డు తెచ్చా. మోటార్లు నెమా 23 సైజు స్టెప్పర్లు. మా బావమరిదేమో 17 చాలంటాడు... సరే, అదలా ఉంచండి. షీల్డు మీద పని ఆపమని చెప్పే అబార్ట్ పిన్ ఉంది కదండీ, ఎమర్జెన్సీలో నొక్కే ఎర్ర బటన్ దానికి కలిపేస్తే సరిపోద్దా?

ఇంజినీరు: సరిపోదండీ. ఆ పిన్ ఆర్డినోకి కబురు చెబుతుందంతే. ఆర్డినోనే హ్యాంగయితే? బటన్ ఆపాల్సింది ప్రోగ్రాముని కాదు, కరెంటుని. ఒక కంటాక్టర్ పెట్టండి, అంటే కాయిల్‌కి కరెంటు ఉన్నంతసేపే సప్లై ఇచ్చే పెద్ద స్విచ్. బటన్‌లోని ఎన్‌సీ కాంటాక్టుని, అంటే నొక్కనప్పుడు కలిసి ఉండేదాన్ని, దాని కాయిల్‌కి సీరీస్‌లో వేయండి, వైరు తెగినా మెషీన్ ఆగుతుంది. పచ్చ స్టార్ట్ బటన్‌కి హోల్డింగ్ కాంటాక్టు ఇవ్వండి, వేలు తీశాక కంటాక్టర్‌ని పట్టి ఉంచేది అదే. కరెంటు పోయొచ్చినప్పుడు స్పిండిల్, అంటే చెక్కే బిట్‌ని తిప్పే మోటార్, దానంతటది తిరగకూడదు. స్పిండిల్, మోటార్ల సప్లై, లేజర్ మూడూ ఆ కంటాక్టర్ గుండానే పోవాలి.

కాలర్: అంటే సార్, పిన్‌కి అసలు కలపొద్దంటారా?

ఇంజినీరు: కలపండి, బటన్‌లో రెండో కాంటాక్టు ఎన్‌ఓ, అంటే నొక్కితే కలిసేది, ఉంటే దాన్ని. అది అదనం. మళ్లీ చెబుతున్నా, బటన్ ఆపాల్సింది కరెంటుని. ఇంకోటి, నెమా 23లు చాలావరకు దాదాపు 3 ఆంపియర్లు లాగుతాయి. షీల్డు మీద మోటార్లకి కరెంటిచ్చే చిన్న డ్రైవర్లు తట్టుకోవు, బయట పెట్టే డ్రైవర్లు తీసుకోండి. కరెంటు ఉండగా మోటార్ ప్లగ్ పీకారంటే డ్రైవర్ కాలిపోతుంది.

కాలర్: ఆఁ... మరి కరెంటు తీస్తే స్పిండిల్ బరువుకి జెడ్, అదే పైకీ కిందికీ కదిలే భాగం, కిందికి జారదాండీ?

ఇంజినీరు: మంచి ప్రశ్న. జారుతుంది. జెడ్‌ని నడిపే 8 మిల్లీమీటర్ల మందం టీ8 స్క్రూలో చుట్టుకి 8 మిల్లీమీటర్లు నడిచేదైతే బరువుకి వెనక్కి తిరుగుతుంది, లోపల గోళీల మీద తిరిగే బాల్ స్క్రూ ఇంకా తేలిగ్గా. జెడ్‌కి 2 మిల్లీమీటర్లదే వేయండి, మామూలుగా నిలబడుతుంది. మోటార్ ఒక్కో స్టెప్పుని 16 మైక్రోస్టెప్పులుగా విడగొడితే మిల్లీమీటరుకి 1600 స్టెప్పులొస్తాయి, వేగం తగ్గుతుంది. తగ్గనివ్వండి. బాల్ స్క్రూయే కావాలంటే బ్రేకున్న మోటార్ కొనాలి.

కాలర్: ఆ కంటాక్టర్ ఎన్ని...

యాంకర్: థాంక్యూ అండి. వరంగల్ నుంచి, చెప్పండి.

కాలర్: స్పిండిల్ తీసి లేజర్ పెట్టినప్పుడు సెట్టింగేమైనా మార్చాలా సార్?

ఇంజినీరు: ఆర్డినోలో నడిచే ప్రోగ్రాము జీఆర్‌బీఎల్ అయితే, దాని లేజర్ మోడ్ సెట్టింగు $32. లేజర్‌కి $32=1, స్పిండిల్‌కి $32=0. 0లో వదిలేసి లేజర్ పెడితే ఖాళీ కదలికల్లోనూ కాలుస్తూనే ఉంటుంది. రెండూ ఒకే పిన్ వాడతాయి కాబట్టి కరెంటు తీశాకే ఒకటి తీసి రెండోది పెట్టాలి. కళ్ళద్దాలు మీ లేజర్ తరంగదైర్ఘ్యానికే ఉండాలి, నీలం డయోడ్‌కి సుమారు 450 నానోమీటర్లు. మామూలు నల్లద్దాలు పనికిరావు. పీవీసీ కాల్చొద్దు, హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. మనిషి లేకుండా లేజర్ నడపొద్దు.

యాంకర్: నిజామాబాద్.

కాలర్: స్పిండిల్ ఆన్ చేయగానే, మెషీన్ అంచుకి చేరితే ఆపే లిమిట్ స్విచ్ తగిలినట్టు అలారం వస్తోందన్నా.

ఇంజినీరు: అది వీఎఫ్‌డీ, అంటే స్పిండిల్ వేగం మార్చే డ్రైవ్, పుట్టించే ఎలక్ట్రికల్ నాయిస్. స్విచ్ వైర్లు స్పిండిల్ కేబుల్‌కి దూరంగా వేయండి. షీల్డెడ్ కేబుల్ వాడి, ఆ కేబుల్‌లోని లోహపు పొరని కంట్రోలర్ వైపే ఎర్త్ చేయండి. కంట్రోలర్‌లో స్విచ్ ఇన్‌పుట్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. వీఎఫ్‌డీకి, స్పిండిల్ బాడీకి ఎర్త్ ఉందా?

కాలర్: బాడీకి లేదన్నా.

ఇంజినీరు: ముందది చేయించండి. అప్పటిదాకా ఆన్ చేయొద్దు.

యాంకర్: సమయం అయిపోయింది, లైన్లో ఉన్నవాళ్ళు మన్నించాలి. నమస్కారం.