చీకటి వీధిలో ఒక గంట

శ్రోతలకు నమస్కారం.

"మా వీధిలో లైట్లు వెలగడం లేదు." స్థానిక సంస్థల ఆఫీసులకు తరచూ వచ్చే ఫిర్యాదు ఇది. వచ్చినంత తరచుగా పక్కన పడిపోయే ఫిర్యాదూ ఇదే. ఏ స్తంభం? అసలు వెలగడం లేదా, వెలిగి ఆరిపోతోందా? అందులో ఇవేవీ ఉండవు. లైన్‌మన్ పగలు వస్తాడు. పగలు ఏ దీపమూ వెలగదు కాబట్టి ఏది చెడిందో చూడగానే తెలియదు. నాలుగు దిక్కులూ చూసి వెళ్లిపోతాడు.

దీనికి మందు ఒకటుంది. వీధివాళ్లూ అధికారులూ కలిసి రాత్రిపూట ఆ వీధిలో నడవడం. 1989లో కెనడాలోని టొరంటోలో మెట్రాక్ అనే మహిళా భద్రతా సంస్థ ఈ పద్ధతికి రూపమిచ్చింది. దీన్ని సేఫ్టీ ఆడిట్ అంటారు. పేరు పెద్దదే గానీ పని చిన్నది.

ఆరుగురు నుంచి పదిమంది చాలు. వీధిదీపాలు చూసే ఇంజనీరు, ఆ బీటు పోలీసు, వార్డు సభ్యుడు లేదా సభ్యురాలు తప్పనిసరి. వీధివాళ్లలో నైట్ డ్యూటీ చేసి ఇంటికొచ్చే మహిళ ఒకరు, చేతికర్రతో నడిచే పెద్దవారు ఒకరు ఉండాలి. దారి కిలోమీటరు దాటకూడదు. సూర్యాస్తమయం అయ్యాక గంటకు బయలుదేరండి. పౌర్ణమికి అటూ ఇటూ మాత్రం వద్దు, వెన్నెల్లో అన్ని వీధులూ బాగానే కనిపిస్తాయి.

ఒకరు స్తంభం నంబరు పైకి చదవాలి, ఒకరు రాయాలి. ఇక్కడే అసలు విషయం ఉంది. ఆరిన దీపాలు ఏ వరుసలో ఆరాయో చూస్తే రోగం సగం తెలిసిపోతుంది. వీధి మొత్తం చీకటైతే బల్బుల జోలికి వెళ్లనక్కర్లేదు, వీధి మొత్తానికి కరెంటు పంపే పెట్టెలో, అంటే ఫీడర్ ప్యానెల్లో, ఫ్యూజో టైమరో చూడాలి. ప్రతి మూడో దీపం ఆరిందా? ఒకటి, నాలుగు, ఏడు, పది? కరెంటు మూడు తీగల్లో విడివిడిగా వచ్చే లైన్లలో, అంటే మూడు ఫేజుల లైన్లలో, దీపాలను చాలాచోట్ల వంతులవారీగా ఒక్కో ఫేజుకు కలుపుతారు. ఒక ఫేజు పోతే ఇలా వంతు తప్పకుండా ఆరుతాయి. ఒక్క దీపమే వెలిగి, ఆరి, కొన్ని నిమిషాలకు మళ్లీ వెలుగుతోంటే, అది పసుపు వెలుగు సోడియం దీపమైతే, ఆయుష్షు తీరింది. ఎల్ఈడీ అయి రెపరెపలాడుతుంటే డ్రైవరో (దీపానికి కరెంటు సరిచేసి ఇచ్చే పరికరం), వదులైన కనెక్షనో. పట్టపగలు వెలుగుతుంటే ఫొటోసెల్ (వెలుతురును బట్టి దీపాన్ని వెలిగించి ఆర్పే పరికరం) లేదా టైమర్. "నాలుగు దీపాలు ఆరాయి" అని రాస్తే నాలుగు బల్బులు తెస్తారు. "ఒకటి, నాలుగు, ఏడు, పది" అని రాస్తే ఫేజు చూస్తారు.

అన్ని దీపాలూ వెలుగుతున్నా వీధి చీకటిగా ఉండొచ్చు. దీపం కిందికి కొమ్మలు పెరిగితే వెలుగంతా ఆకుల మీదే ఆగిపోతుంది. అది చాలాచోట్ల కరెంటువాళ్ల పని కాదు, చెట్లు చూసే విభాగానిది. కరెంటువాళ్లకు రాస్తే ఆ కాగితం తిరిగొస్తుంది. ఒక దీపం మరీ ఎక్కువ వెలుగుతున్నా చిక్కే, దాని పక్కనున్న చీకటి ఇంకా చిక్కబడుతుంది. పరీక్ష సులువు: పది పదిహేను మీటర్ల దూరంలో ఎదురొచ్చే మనిషి ముఖం గుర్తుపట్టగలరా? ఆకారం మాత్రమే కనిపిస్తే, అక్కడ ఎన్ని దీపాలున్నా చాలనట్టే.

పోలీసు ఎందుకు అంటారేమో. నేరాలు ఎక్కడ జరిగాయో ఆయనకు తెలుసు. భయపడి జనం నడవడం మానేసిన సందు గురించి మాత్రం ఆయన రికార్డులో ఏమీ ఉండదు. మనుషులే వెళ్లని చోట కేసెక్కడిది? ఆ సందు సంగతి వీధివాళ్లే చెప్పాలి.

కాగితం మీద ఐదు గడులు గీయండి. స్తంభం నంబరు, ఏం కనిపించింది, ఏ విభాగం పని, ఎవరు చేస్తారు, ఏ తేదీకి. చివరి రెండు గడులు సాధారణంగా ఖాళీగా మిగులుతాయి. "ఆఫీసుకెళ్లి నింపుతాం" అంటారు. ఒప్పుకోకండి. వీధిలోనే, విడిపోకముందే, పేరూ తేదీ రాయించండి. ఆ రెండు గడులూ నింపని నడక నా దృష్టిలో ఫొటోలకే పనికొస్తుంది.

నెల తిరిగాక అదే కాగితంతో అదే దారిలో మళ్లీ నడవండి. మార్చిన ఫ్యూజు వాన పడగానే మళ్లీ పోయిందా? ఈసారి "లైటు" అని రాయకండి. "కేబుల్లో, జంక్షన్ బాక్సులో తేమ చూడండి, ఇన్సులేషన్ మెగ్గర్‌తో పరీక్షించండి" అని రాయండి. మెగ్గర్ అంటే తీగ మీది తొడుగు కరెంటును ఆపుతోందో లేదో కొలిచే పరికరం. ఎన్ని ఫ్యూజులు మార్చినా తేమ అక్కడే ఉంటుంది.

నడకలో ఒక్కదాన్ని మాత్రం కాగితానికి వదిలేయకండి. స్తంభం మొదట్లో ఉండే చిన్న బాక్సు తలుపు ఊడి, లోపలి తీగలు పసిపిల్లల చేతికి అందేలా ఉంటే, దానికి గడి వద్దు, తేదీ వద్దు. తాకకండి, ఎవరినీ దగ్గరికి రానివ్వకండి. ఇంజనీరు పక్కనే ఉన్నారు కదా, అక్కడినుంచే ఫోన్ చేయించి ఆ లైనుకు కరెంటు ఆపించండి. మరమ్మతు మనిషి వచ్చేదాకా ఒకరు అక్కడే నిలబడండి.

నమస్కారం.