బస్సు అడగకండి, బస్టాపు అడగండి

(హైదరాబాద్‌లో ఒక కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, ఎండను లెక్కచేయకుండా వచ్చిన అమ్మలకు, అయ్యలకు నమస్కారం. మెయింటెనెన్స్ లెక్కలు తేలాక నా వంతు పెట్టారు కాబట్టి సగం మంది లేచిపోతారని తెలుసు. కార్పొరేషన్ ఎన్నికల్లో ఓటడిగే అభ్యర్థిని మనం ఏం అడగాలన్నదే నా విషయం. వెళ్లేవాళ్లు ఒక్క మాట విని వెళ్లండి. బస్సు మన నగర కార్పొరేషన్‌ది, అంటే జీహెచ్‌ఎంసీది కాదు, బస్టాపు కార్పొరేషన్‌ది.

ఇది రాజ్యాంగంలోనే ఉంది. 74వ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ 18 అంశాలు రాశారు. అందులో రోడ్లు, వంతెనలు, వీధి దీపాలు, పార్కింగు స్థలాలు, బస్టాపులు ఉన్నాయి. బస్సు లేదు, రైలు లేదు.

ఇక 2020 డిసెంబరు జీహెచ్‌ఎంసీ ఎన్నికలు గుర్తు చేసుకోండి. 150 డివిజన్లలో హామీల వాన. మహిళలకు మెట్రోలో, సిటీ బస్సుల్లో ఉచితమని బీజేపీ అంది. కాంగ్రెస్ ఆ వరసలో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లనూ చేర్చింది. అప్పటి టీఆర్‌ఎస్ రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి మెట్రో అంది. బస్సు నడిపేది ఆర్టీసీ. మెట్రో అప్పట్లో ఎల్ అండ్ టీ చేతిలో ఉంది. ఎంఎంటీఎస్ దక్షిణ మధ్య రైల్వేది. ఇందులో కార్పొరేటరు సంతకం ఎక్కడ పడుతుంది? అప్పటి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్ గారైతే ట్రాఫిక్ చలానాలు జీహెచ్‌ఎంసీయే కడుతుందన్నారు. చలానా రాసేది పోలీసులు. జీహెచ్‌ఎంసీ కట్టడమంటే మన ఇంటి పన్నులోంచి కట్టడం. హెల్మెట్ పెట్టుకున్నవాడు పెట్టుకోనివాడి జరిమానా కట్టాలన్నమాట. దానికి చప్పట్లు కూడా కొట్టాం!

ఉచిత బస్సు చివరికి వచ్చింది కదా అంటారు. వచ్చింది. 2023 డిసెంబరు 9న, మహాలక్ష్మి పథకం కింద, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చింది. అందుకు మన కౌన్సిల్ తీర్మానమేదీ అక్కర్లేకపోయింది.

ఫ్లైఓవరు కడతామనే అభ్యర్థి నిజంగా కార్పొరేషన్ పనే మాట్లాడుతున్నాడు, ఒప్పుకుంటా. కానీ ఆయన్ను డబ్బు సంగతి అడగండి. ఎస్‌ఆర్‌డీపీ అనే ఫ్లైఓవర్లు, రోడ్ల పథకం పనుల కోసం జీహెచ్‌ఎంసీ బాండ్లు అమ్మింది, అంటే అప్పు చేసింది. 2018 ఫిబ్రవరిలో 200 కోట్లు, వడ్డీ 8.90 శాతం. అదే ఏడాది ఆగస్టులో 195 కోట్లు, 9.38 శాతం. 2019లో 100 కోట్లు, 10.23 శాతం. వడ్డీ మెట్లెక్కిన తీరు చూశారా?

ఈ సమావేశం కరపత్రంలో నా అంశాలుగా ఫ్లైఓవర్లు, పార్కింగు, బస్టాపు అని మూడు వేశారు. పార్కింగు ఇవాళ్టికి వదిలేస్తున్నాను, మన్నించండి. బస్టాపు దగ్గర ఆగితే గాని నాకు ముందుకు సాగదు.

బస్టాపు షెల్టరు ఎక్కడ కడతారో ఎప్పుడైనా గమనించారా? చాలాచోట్ల కట్టేది ప్రకటనల ఏజెన్సీ. కట్టిన ఖర్చు బోర్డుల మీద రాబట్టుకుంటుంది. అందుకని సిగ్నల్ దగ్గర ఆగిన కారువాళ్లకు బోర్డు కనబడే చోటు చూసుకుంటుంది. మనమేమో చెట్టు నీడ చూసుకుని నిలబడతాం. డ్రైవరు మనం నిలబడ్డ చోట ఆపుదామనుకుంటాడు, అక్కడ అప్పటికే నాలుగు ఆటోలుంటాయి. దాంతో బస్సు రెండో లేన్‌లో ఆగుతుంది. ఇప్పుడు దిగే పెద్దామెను చూడండి. ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో సంచి. బస్సు ఫుట్‌పాత్‌కి ఆనుకుని ఆగి ఉంటే కెర్బు, అంటే ఫుట్‌పాత్ అంచు రాయి, ఎత్తు కలిసొచ్చి మెట్టు అరడుగు తగ్గేది. రోడ్డు మధ్య దిగడంతో ఆ అరడుగూ ఆమె మోకాలి మీదే పడుతుంది. కాలు కింద పెట్టేలోపు ఎడమ పక్కనుంచి బైకు దూసుకొస్తుంది. అమ్మా, వెనక కూర్చున్నవాళ్లు తలలూపుతున్నారు, మీకు తెలియనిదా ఇది!

మరి ఏం చేయాలి? స్టాపును కూడలికి ముందు కాదు, దాటాక పెట్టాలి. ముందు పెడితే ఎక్కించుకునేలోపు ఎరుపు పడుతుంది, ఎడమకు తిరగాల్సిన బండ్లన్నీ బస్సు వెనక హారన్లు కొడతాయి. ఆటోలకు స్టాపు దాటాక విడిగా చోటు గీయాలి. ఊరికే తరిమితే పది నిమిషాల్లో మళ్లీ అక్కడే ఉంటాయి. ఇడ్లీ బండిని తీసేయమనకండి, రాత్రి తొమ్మిదింటికి ఆ స్టాపులో వెలుతురు దానిదే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. ఆ కమిటీతో మాట్లాడితే బండి పది అడుగులు జరుగుతుంది.

బస్టాపుకు వెళ్లే ఫుట్‌పాత్ సంగతి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల సదుపాయాలకు ఇచ్చిన మార్గదర్శకాలు, ఐఆర్‌సీ 103 ప్రకారం నడవడానికి అడ్డులేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, తల పైన 2.2 మీటర్ల ఖాళీ ఉండాలి. కెర్బు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇంజనీరు గోడ నుంచి కెర్బు దాకా కొలిచి సరిపోయిందంటాడు. ఒప్పుకోకండి. ట్రాన్స్‌ఫార్మర్ కంచె నుంచి కెర్బు దాకా కొలవమనండి. అక్కడ ఎంత మిగిలితే మన ఫుట్‌పాత్ అంతే. ఫుట్‌పాత్ మీద పరిచే పేవర్ పలకల కింద ఇసుకను దిమ్మిసా కొట్టకుండా పరిస్తే రెండు వానలకే అంచులు లేస్తాయి. కేబుల్ కోసం తవ్వినవాడు మట్టి పోసి వెళ్లిపోతాడు. 2019లో 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్ల నిర్వహణను ఐదేళ్లకు, దాదాపు 1,839 కోట్లకు ఏజెన్సీలకు ఇచ్చారు, ఫుట్‌పాత్‌లతో సహా. ఆ గడువు అయిపోయింది. ఇప్పుడు మన రోడ్డు ఎవరి చేతిలో ఉంది? తవ్వినచోట ఎన్ని రోజుల్లో పూడ్చాలి? షెల్టరు ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది? అభ్యర్థిని అడగాల్సినవి ఇవీ.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు, అయిపోయింది. ఓటడగడానికి వచ్చిన అభ్యర్థిని హాల్లో కూర్చోబెట్టి టీ ఇవ్వకండి. పొద్దున తొమ్మిదింటికి బస్టాపు దగ్గరికి తీసుకెళ్లండి, రెండు బస్సులు వచ్చేదాకా నిలబెట్టండి. తర్వాత ఆ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర టేపు ఒక కొస ఆయన చేతికివ్వండి.