కాటన్ దొర సన్నాల్లో ఆ జన్యువును ఎందుకు కోశారు?

నమస్తే అండి. 1010 వడ్లంటే తెలియని రైతు మన దగ్గర అరుదు. మారుటేరు వరి పరిశోధన స్థానంలో పుట్టిన రకం. కృష్ణవేణి అనే వరి రకానికి ఐఆర్ 64 అనే రకాన్ని కలిపి తీశారు. పేరు కాటన్ దొర సన్నాలు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన దొర పేరున్న ఈ వరికే, నీళ్లు తగ్గినా ఉప్పు పెరిగినా తట్టుకోవడం నేర్పామంటున్నారు ఢిల్లీ శాస్త్రవేత్తలు. 2025 మే 4న కేంద్రం ప్రకటించిన పూసా డీఎస్‌టీ రైస్ 1 అదే.

ఏం చేశారో తెలియాలంటే ముందు ఆకును చూడాలి. వరి ఆకు మీద కొంచెం రంగులేని నెయిల్ పాలిష్ రాసి, ఆరాక టేపుతో ఊడదీసి మైక్రోస్కోపు కింద పెట్టండి. నాటు వేసినట్టు వరుసగా చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. గాలి లోపలికి వెళ్లేదీ, నీరు ఆవిరై బయటికి పోయేదీ వాటిలోంచే. బెట్ట వచ్చినప్పుడు అవి మూసుకోవాలి. ఆలస్యమైతే మిట్టమధ్యాహ్నానికి ఆకు చుట్టుకుపోతుంది.

ఉప్పు సంగతీ ఇక్కడే ఉంది. ఆకు ఎంత ఆవిరి చేస్తే వేరు అంత నీరు లాగాలి. చౌడు నేలలో ఆ నీటితో పాటే ఉప్పూ పైకెక్కుతుంది.

వరిలో డీఎస్‌టీ అనే జన్యువు ఉంది. ఈ రంధ్రాలు మూసుకోకుండా అడ్డుపడేది అదే. 2009లో చైనా శాస్త్రవేత్తలు బయటపెట్టారు. పేరుకి కరువు, ఉప్పు తట్టుకునే జన్యువు. చేసేది మాత్రం సరిగ్గా దానికి ఎదురు! అది పనిచేయకపోతేనే మొక్క తట్టుకుంటుంది. పేరు పెట్టినవాళ్లకు ఓ దండం.

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు జన్యువులను కోరిన చోట కోసే క్రిస్పర్ అనే కత్తెరతో 1010లో ఆ జన్యువు నుంచి 366 డీఎన్ఏ అక్షరాలు కోసేశారు. ఆకులు వెడల్పయ్యాయి, రంధ్రాలు పలచబడ్డాయి, ఆకులో నీరు నిలిచింది. కత్తెరను ఒక బ్యాక్టీరియాతో లోపలికి పంపినా, తర్వాతి తరాల్లో అది లేని మొక్కలనే ఏరి ఉంచుకున్నారు. బయటి జన్యువేదీ మిగల్లేదు. బయటి జన్యువు మిగలని ఇలాంటి పంటలకు 2022లోనే కేంద్రం జీఎం (జన్యుమార్పిడి) నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది.

ఇంకో తమాషా. గింజల సంఖ్యను అదుపులో పెట్టే జన్యువు ఒకటి ఈ డీఎస్‌టీ చెప్పుచేతల్లో ఉంటుంది. సాంబమసూరిలో దాన్నే నేరుగా కోసి, మన హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ వాళ్లు కమల అనే రకం తీశారు. రెండూ ఒకే రోజు ప్రకటించారు.

మరి దిగుబడి? ఉప్పు, చౌడు నేలల్లో 9.66 నుంచి 30.4 శాతం ఎక్కువన్నది ప్రభుత్వం మాట. జీఎం వ్యతిరేక సంఘాలు ఒప్పుకోవడం లేదు. ట్రయల్స్ లెక్కలే ఆ మాటకు నిలబడవన్నారు. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) ఆ ఆరోపణను కొట్టిపారేసింది. నా మటుకు నాకు కోసిన పద్ధతి మీద భయం లేదు. కాకపోతే ట్రయల్స్ లెక్కలు అవి జరిగిన చోటు వారీగా, ఏడాది వారీగా రైతుకు అర్థమయ్యేలా బయటపెట్టాలి. క్రిస్పర్ పేటెంట్లు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయి కాబట్టి, విత్తనం ధర మీద ఆ భారం పడదని కూడా రాతపూర్వకంగా చెప్పాలి.

కాలువ చివర, నాగాయలంక, కోడూరు వైపు చేలు చూసినవాళ్లకు తెలుసు. ఎండాకాలంలో గట్ల మీద ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. మచిలీపట్నం పరిశోధన స్థానం ఎంసీఎం పేరుతో చౌడు తట్టుకునే రకాలు ఎప్పుడో ఇచ్చింది. అయినా మురుగు కాలువ పూడిపోయిన చోట ఏ రకమైనా ఎన్నాళ్లు నిలబడుతుంది? కొత్త విత్తనం మాత్రం రేపే రాదు. విత్తనాన్ని పెంచే బ్రీడర్, ఫౌండేషన్, సర్టిఫైడ్ దశలు దాటాలి. ఈలోగా మట్టి పరీక్షలో ఈసీ అంకె, అంటే నేలలో ఉప్పు ఎంతుందో చూపే విద్యుత్ వాహకత, చూసుకోండి. అది మీటరుకు 3 డెసీసీమెన్స్ దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. మీ చేలో ఎంతుందో కింద కామెంట్లో రాయండి, ఊరి పేరుతో సహా.