12 మంది పిల్లల బడిలో ‘శాతం’ ఎందుకు పనికిరాదు?

(తెర మీద: తరగతి గది గడప ముందు వరుసగా విడిచిన చిన్న చెప్పులు)

నమస్తే. ముందు ఆ చెప్పులు లెక్కపెట్టండి. 12 జతలు. బడి మొత్తం అంతే.

ఇది ఫలానా ఊరి బడి కాదు, లెక్క అర్థం కావడానికి మనం అనుకున్న బడి. కానీ నర్సంపేట వైపో, మహబూబాబాద్ తండాల్లోనో, ములుగు దారిలోనో ఇలాంటివి ఇట్టే కనబడతాయి.

(బోర్డు మీద, తరగతుల వారీగా పిల్లలు: ఒకటి – 3, రెండు – 2, మూడు – 4, నాలుగు – 1, ఐదు – 2)

పోయినేడు మూడో తరగతిలో ఒక్కతే పాప. పాఠం గడగడా చదివేది. రిపోర్టులో ఏం రాస్తారు? మూడో తరగతిలో చదవగలిగినవాళ్లు 100 శాతం. ఈ ఏడు మూడో తరగతిలో నలుగురు. ఇద్దరు చదువుతారు, ఇద్దరు ఇంకా గుణింతాల దగ్గరే ఉన్నారు. రిపోర్టులో 50 శాతం. మీటింగులో ఆ కాగితం చూసినవాళ్లు ఏమంటారు? “సగానికి పడిపోయింది, ఏం చేస్తున్నరు సారూ?”

ఆగండి. మూడో తరగతిలో చదివే పిల్లలు పోయినేడు ఒక్కరు, ఈ ఏడు ఇద్దరు. పెరిగారా, తగ్గారా?

200 మంది బడిలో ఒకరికి జ్వరమొస్తే హాజరు అర శాతం తగ్గుతుంది. ఇక్కడ అదే జ్వరానికి 8 శాతం పైనే పోతుంది. ఇక పత్తి ఏరే రోజులు చూడండి. అక్టోబరు, నవంబరులో తల్లిదండ్రులు పొద్దున్నే చేనుకు పోతే, చెల్లెను చూసుకోవడానికి అక్క ఇంట్లో ఉండిపోతుంది. మిరప కోతలప్పుడూ ఇదే కథ. మేడారం జాతర ఏడు సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇట్లా నలుగురు రాకపోతే హాజరు 67 శాతం. అప్పుడే పరీక్ష పెడితే ఆ మార్కుల్లో చదువెంత, పత్తి ఎంత?

(తెర మీద: దొంతర పెట్టిన పాఠ్యపుస్తకాలు)

ఇప్పుడు సారు సంగతి. 1, 2 తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు. 3 నుంచి 5 దాకా వీటికి పరిసరాల విజ్ఞానం తోడు. మొత్తం 18 పాఠాల వరుసలు. విద్యాహక్కు చట్టం లెక్కన 60 మంది వరకు ఇద్దరు టీచర్లుండాలి, కానీ పిల్లలు తక్కువున్న బడుల్లో చాలాచోట్ల ఒక్కరే. ఆయన శిక్షణకు పోయిన రోజు బడి నడవాలంటే పక్క ఊరి నుంచి ఎవరో ఒకరు రావాలి. మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ ఎంట్రీలు కూడా ఆయనవే. తండా పిల్లలు ఇంట్లో గోర్‌బోలి (లంబాడీల భాష) మాట్లాడతారు, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్ కూడా. ఆ మూడింటి మధ్య నడిపించేదీ ఆయనే.

“ఒక్క సారు ఐదు క్లాసులు ఎట్ల చెప్తడు?” అని అమ్మలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, వాళ్లను తప్పు పట్టలేం. ప్రైవేటు బడి పసుపు వ్యాను ఊళ్లోకి వస్తుంది. అన్న ఎక్కితే తమ్ముడూ ఎక్కుతాడు. ఒక్క ఇంటితో 12 కాస్తా 10. సంఖ్య తగ్గిందని రెండో పోస్టు రాదు, రెండో సారు లేరని ఇంకో ఇల్లు వ్యాను చూస్తుంది.

ఇంకో వింత చూడండి. ఇప్పుడు నాలుగో తరగతిలో ఉన్న ఆ ఒక్క పాప గుర్తుందా, పోయినేడు మూడులో గడగడా చదివేది? పరీక్ష రాసి గురుకులంలో ఐదో తరగతి సీటు తెచ్చుకుంటుంది. బడి బాగా చెప్పింది కాబట్టే సీటొచ్చింది. రిజిస్టర్‌లో మాత్రం అది “ఒకరు తగ్గారు”. బడి గెలిస్తే కూడా లెక్కలో ఓటమే పడుతుంది!

మరి ఎట్లా చూడాలి? శాతం పక్కనపెట్టి పేర్ల పట్టిక వేయండి. ప్రతి పేరు ఎదురుగా: అక్షరాలు, పదాలు, వాక్యాలు, పేరా, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం. 2022లో తెలంగాణ సర్కారు బడుల్లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా 1 నుంచి 5 తరగతుల్లో ఈ మౌలిక నైపుణ్యాల కోసమే. జూన్‌లో ఎక్కడున్నారు, జనవరికి ఎక్కడికొచ్చారు, అంతే. 200 మంది బడిలో ఇది పెద్ద పని. 12 మందికైతే ఒక్క కాగితం చాలు. చిన్న బడికున్న లాభం ఇదొక్కటే కావచ్చు, దాన్నీ శాతంలో పడేసి చెడగొడుతున్నాం.

మీటింగుకు ఆ కాగితమే తీసుకెళ్లొచ్చు. పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాటలో ఇంటింటికీ తిరిగేటప్పుడూ అదే చేతిలో పెట్టుకోవచ్చు. “మా బడి మంచిది, పంపండి” అంటే ఎవరూ వినరు. అరుగు మీద కూర్చుని, పోయిన జూన్‌లో ‘క’ గుర్తుపట్టని పిల్లగాడు ఇప్పుడు పేరా చదువుతున్నాడని చూపిస్తే, ఆ పిల్లగాడు పక్కింటివాడే కాబట్టి, పిలిచి చదివించి చూస్తారు.