హానిబల్: ఊరు విడిచినవాళ్ళు నిలబెట్టిన ఊరు

నమస్కారం.

1954లో మన తెలుగులో 'రాజు పేద' అనే సినిమా వచ్చింది. దర్శకుడు బి.ఎ. సుబ్బారావు. యువరాజూ ఒక పేదింటి పిల్లవాడూ అచ్చు గుద్దినట్టు ఉంటారు, సరదాకు బట్టలు మార్చుకుంటారు, అక్కడ మొదలవుతుంది తంటా. ఆ సినిమాలో ఎన్.టి. రామారావు రాజు వేషం వేయలేదు, పేదవాడి తండ్రి పోలిగాడి వేషం వేశారు. ఆ కథ అసలు రచయిత మార్క్ ట్వేన్. ఆయన టామ్ సాయర్‌నూ, హకల్‌బెరీ ఫిన్‌నూ నండూరి రామమోహనరావు తెలుగులోకి తెచ్చారు. ఆ పుస్తకాలు చదివిన తెలుగు పిల్లలందరూ తమకు తెలియకుండానే ఒక అమెరికా పల్లెటూరి వీధుల్లో తిరిగి వచ్చారు. పుస్తకంలో ఆ ఊరి పేరు సెయింట్ పీటర్స్‌బర్గ్. అసలు పేరు హానిబల్.

మిజోరి రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున ఉంటుంది. 1819లో పుట్టిన ఊరు. ఇప్పుడు జనాభా 17 వేలు, అంటే మన లెక్కలో ఒక పెద్ద పంచాయతీ. పేరు చూస్తే ఒకప్పుడు రోమ్‌ను వణికించిన కార్తేజ్ సేనాని పేరు! పేర్లు పెట్టేటప్పుడు అమెరికావాళ్ళు మొహమాటపడలేదు. నదికి ఈవల మిజోరి, ఆవల ఇలినాయ్. ఈ ఆవలి ఒడ్డు సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఈ ఊళ్ళో పుట్టో పెరిగో పేరు తెచ్చుకున్నవాళ్ళ వివరాలు వరసగా చదువుతూ వెళితే నాకొక విషయం తట్టింది. వీళ్ళలో ఎక్కువమంది ఇరవై ఏళ్ళు నిండకముందే ఊరు వదిలేశారు. చదువు కూడా అంతంత మాత్రమే. అయినా ఈరోజు హానిబల్ బతుకుతున్నది ఆ వెళ్ళిపోయినవాళ్ళ పేరు చెప్పుకునే.

ట్వేన్‌తోనే మొదలుపెడదాం. అసలు పేరు శామ్యూల్ క్లెమెన్స్. 1835లో దగ్గరలోని ఫ్లోరిడా అనే పల్లెలో పుట్టాడు, నాలుగేళ్ళ వయసులో హానిబల్ చేరాడు. తండ్రి న్యాయం చెప్పేవాడే గాని చేతిలో డబ్బు నిలిచేది కాదు. 1847లో ఆ తండ్రి పోయాడు. పదకొండేళ్ళ పిల్లవాడి చదువు క్రమంగా అటకెక్కింది, అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే పని దొరికింది. 1853లో, పదిహేడేళ్ళకు, ఊరు దాటాడు.

ఆ తరవాత మిసిసిపీ మీద ఆవిరి పడవలు నడిపే పని నేర్చుకున్నాడు. నదిలో ఇసుక మేటలు ఎక్కడ వేస్తాయో చెప్పలేం కదా, అందుకని పడవ ముందు భాగంలో ఒక మనిషి తాడుకు సీసం గుండు కట్టి లోతు కొలిచి కేక వేసేవాడు. 'మార్క్ ట్వేన్' అనేది ఆ కేకే. మన జాలర్ల మాటలో చెప్పాలంటే 'రెండు బారలు'! పన్నెండడుగుల నీరు ఉంది, పడవకు భయం లేదని అర్థం. 1863లో నెవాడాలో పత్రికల్లో రాస్తున్నప్పుడు ఆ కేకనే తన పేరుగా పెట్టుకున్నాడు. మన బెస్తవాళ్ళ పక్కన కూర్చున్న రచయిత ఎవరైనా 'రెండుబారలు' అని కలంపేరు పెట్టుకుంటే ఎలా ఉంటుందో ఊహించండి. నాకైతే భలే నచ్చింది.

ఇందులో ఒక తమాషా ఉంది. 1846లో హానిబల్ నుంచి సెయింట్ జోసెఫ్ దాకా రైలు దారి వేయాలని ఊరి పెద్దలు సమావేశమైంది ట్వేన్ తండ్రి కచేరీలోనే. ఆ దారి పూర్తయింది 1859లో. కొడుకు చేతికి పడవ నడిపే లైసెన్సు వచ్చిందీ అదే ఏడాది. పడవల వ్యాపారాన్ని ముంచింది రైళ్ళే. తండ్రి కచేరీలో నాటిన విత్తనం కొడుకు వృత్తికే ఎసరు పెట్టిందన్నమాట. ఊరి పిల్లల వైపు నుంచి చూస్తే మాత్రం, ముందు నది, వెనక రైలు. పారిపోవడానికి ఇంతకన్నా వీలైన ఊరు ఎక్కడుంటుంది?

ఇక 1867. ఆ ఏడాది జులై 18న ఒక ఐరిష్ వలస కూలీ ఇంట్లో మార్గరెట్ టోబిన్ పుట్టింది. మూడు వారాలు తిరగకుండా, ఆగస్టు 4న, అదే ఊళ్ళో జేక్ బెక్లీ పుట్టాడు. బెక్లీ బేస్‌బాల్ ఆటగాడు, ఆ ఆటలో అతిపెద్ద గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కినవాడు. బేస్‌బాల్ గురించి నాకు తెలిసింది తక్కువ, అందుకని ఆయనకు నమస్కారం పెట్టి మార్గరెట్ దగ్గరికి వస్తాను.

తండ్రి గ్యాసు కర్మాగారంలో కూలి. ఈ అమ్మాయి పదమూడేళ్ళకే పొగాకు ఫ్యాక్టరీలో పనికి వెళ్ళింది. పద్దెనిమిదేళ్ళప్పుడు కొలరాడోలోని లెడ్‌విల్ అనే గనుల ఊరికి చేరి, అక్కడ జె.జె. బ్రౌన్ అనే గని ఉద్యోగిని పెళ్ళి చేసుకుంది. 1893లో వాళ్ళ వాటా ఉన్న గనిలో బంగారం పడింది. కూలి ఇంటి పిల్ల కోటీశ్వరురాలైంది.

1912 ఏప్రిల్‌లో ఐరోపాలో ఉండగా మనవడికి జబ్బు చేసిందని కబురొచ్చి, దొరికిన ఓడ ఎక్కింది. ఆ ఓడ టైటానిక్. ఆమెను ఆరో నంబరు లైఫ్‌బోటులోకి ఎక్కించారు. ఆ పడవ బాధ్యత రాబర్ట్ హిచెన్స్ అనే నావికుడిది. నీళ్ళలో ఉన్నవాళ్ళ కోసం వెనక్కి వెళదామంటే అతడు ఒప్పుకోలేదు. ఆమె అతడితో గొడవపడింది, ఆడవాళ్ళ చేత తెడ్లు పట్టించింది, తనూ పట్టింది. కార్పేతియా ఓడ వాళ్ళను కాపాడాక, కాలు నేలమీద పెట్టకముందే, అన్నీ పోగొట్టుకున్న ప్రయాణికుల కోసం ఉన్నవాళ్ళ దగ్గర చందాలు వసూలు చేసి దాదాపు 10 వేల డాలర్లు పోగుచేసింది. నాకు తెడ్డు పట్టిన మార్గరెట్ కన్నా చందా పుస్తకం పట్టిన మార్గరెట్ ఎక్కువ నచ్చుతుంది. ప్రాణాలు దక్కిన మర్నాడే ఎదుటివాడి జేబు లెక్క వేయగలిగింది, అదీ పొరుగువాడి కోసం!

ఆమెను అందరూ 'మోలీ బ్రౌన్' అంటారు. బతికున్నంత కాలం ఆమెను ఎవరూ మోలీ అని పిలవలేదు. 1932లో ఆమె చనిపోయాక, 1960లో వచ్చిన ఒక సంగీత నాటకం ఆ పేరును అందరి నోళ్ళలో నిలబెట్టింది. మనిషి ఒకరు, పేరు ఇంకొకరిది.

టైటానిక్ మునిగిన ఆ 1912లోనే హానిబల్‌లో ట్వేన్ పెరిగిన ఇల్లు ఊరి పరమైంది. జార్జ్ మహాన్ అనే స్థానిక న్యాయవాది కొని, ఊరికి ఇచ్చేశాడు. ఇప్పుడది మ్యూజియం. కంచెకు సున్నం వేసే పనిని టామ్ సాయర్ తోటి పిల్లల నెత్తిన రుద్దిన ఘట్టం గుర్తుందా? ఏటా జులై 4 ప్రాంతంలో అక్కడ కంచెకు సున్నం వేసే పోటీ పెడతారు. టామ్ చూస్తే మురిసిపోయేవాడు: జనం ఇంకా వంతులు వేసుకుని మరీ సున్నం కొడుతున్నారు.

ట్వేన్ చివరిసారి ఊరికి వచ్చింది 1902 మే నెలాఖరులో. ఆయన వెళ్ళి నెల తిరగకుండానే, జూన్ 26న, ఆ ఊళ్ళో బిల్ లియర్ పుట్టాడు. చదువు ఎనిమిదో తరగతి. కారులో పెట్టుకునే రేడియో తయారీలో చెయ్యి ఉంది, విమానాలకు ఆటోపైలట్ చేశాడు, పాటల కోసం ఎనిమిది ట్రాకుల టేపు చేశాడు. 1963లో ఎగిరిన చిన్న జెట్ విమానానికి తన పేరే పెట్టాడు, లియర్‌జెట్. కూతురికి షాండా అని పేరు పెట్టాడు. ఇంటిపేరుతో కలిపి పలకండి: షాండా లియర్. షాండిలియర్! పాపం ఆ పిల్ల.

రాబర్ట్ కూంట్జ్ అని ఇంకొకాయన. సముద్రం వాసన కూడా తగలని ఈ ఊళ్ళో 1864లో పుట్టి, 1919లో అమెరికా నౌకాదళానికే అధిపతి అయ్యాడు. క్లిఫ్ ఎడ్వర్డ్స్ 1895లో పుట్టాడు. పద్నాలుగేళ్ళకే బడి మానేసి, యుకులేలీ పట్టుకుని పాడుతూ తిరిగాడు. 1940లో వచ్చిన డిస్నీ 'పినోకియో'లో కీచురాయి జిమినీ క్రికెట్ గొంతు ఆయనదే. అందులో ఆయన పాడిన పాటకు ఆస్కార్ వచ్చింది. ఆ బాణీ డిస్నీ సినిమాలు మొదలయ్యేటప్పుడు మీరూ వినే ఉంటారు. ఎడ్వర్డ్స్ మాత్రం 1971లో చిల్లిగవ్వ లేకుండా పోయాడు.

ఇప్పుడు నది ఆవలి ఒడ్డుకు వద్దాం. ట్వేన్ చిన్నతనంలో మిజోరిలో బానిసత్వం చట్టబద్ధం. ఇలినాయ్‌లో కాదు. క్లెమెన్స్ కుటుంబం కూడా బానిసలను ఉంచుకున్నదే. హకల్‌బెరీ ఫిన్‌కు అచ్చమైన మూలం ఊళ్ళో ఒక తాగుబోతుకు కొడుకైన టామ్ బ్లాంకెన్‌షిప్ అని ట్వేన్ తన ఆత్మకథలో చెప్పాడు. స్నానం లేదు, కడుపునిండా తిండి లేదు, మనసు మాత్రం బంగారం. ఆ టామ్ అన్న బెన్సన్, ఇలినాయ్ వైపు లంకలో దాక్కున్న ఒక పారిపోయిన బానిసకు రహస్యంగా తిండి పెట్టాడు. పట్టిస్తే బహుమానం వచ్చేది. దరిద్రంలో ఉండి కూడా ఆ డబ్బు ముట్టలేదు. చివరికి వేరేవాళ్ళు తరిమితే ఆ మనిషి నీళ్ళలో మునిగి చనిపోయాడు. పుస్తకంలోని బానిస పాత్ర జిమ్‌కు మూలం ట్వేన్ పినతండ్రి పొలంలో పనిచేసిన బానిస డేనియల్. ఊరి ప్రముఖుల జాబితాల్లో అడ్మిరల్ ఉంటాడు, ఆటగాడు ఉంటాడు. వీళ్ళ పేర్లు కింద ఎక్కడో ఉంటాయి, అదీ రాయాలని ఎవరికైనా తోస్తే. నా జాబితా అయితే బెన్సన్‌తో మొదలయ్యేది.

ఊరు వదలడమంటే ఏమిటో ట్వేనే ఒకచోట రాశాడు, అదీ మన దేశం గురించి చెబుతూ. 1896 జనవరి. అరవై ఏళ్ళ వయసు, నెత్తిమీద అప్పులు, అవి తీర్చడానికి ప్రపంచమంతా తిరుగుతూ ఉపన్యాసాలు. బొంబాయి హోటల్లో గది చూపించడానికి ఒక బలిష్ఠుడైన జర్మన్ వచ్చాడు. ఒక భారతీయ పనివాడు మోకాళ్ళ మీద కూర్చుని తలుపు బాగుచేస్తున్నాడు. ఆ పని నచ్చక జర్మన్ ఒక్క మాట చెప్పకుండా వాడి దవడ మీద కొట్టాడు. వాడు మారుమాట్లాడలేదు.

ఇలాంటిది చూసి యాభై ఏళ్ళయిందని రాశాడు ట్వేన్. కళ్ళముందు హోటల్ మాయమైంది. పదేళ్ళ పిల్లవాడిగా మిజోరి పల్లెలో నిలబడి ఉన్నాడు. పనిలో ఏదో తడబడ్డాడని ఒక బానిస తలమీదికి ఒకడు ఇనుప ఖనిజపు ముద్ద విసిరాడు, గంటలో ఆ మనిషి చనిపోయాడు. అప్పుడు చూసినది మళ్ళీ చూశాడు. భూమికి అటువైపు దాకా వెళ్ళి తిరిగి వచ్చేసరికి, బొంబాయిలో ఆ పనివాడి చెంప ఇంకా చురచుర మంటూనే ఉంది.