టామ్‌వర్త్ లంగర్లు, ‘యు-571’ సినిమా గొడవ

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈరోజు పిల్లలతో బర్మింగ్‌హామ్ నుంచి రైల్లో టామ్‌వర్త్ వచ్చాం. వాళ్లకి ఇక్కడి కోట చూడాలని ఉంది, నాకేమో ముందు ఈ లంగర్లు మీకు చూపించాలని. సెయింట్ ఎడితా చర్చి దగ్గర ఈ పెద్ద లంగర్లు కనిపిస్తున్నాయి కదా? సముద్రానికి ఇంత దూరంగా ఉన్న ఊళ్లో లంగర్లేంటి అంటారా? రెండో ప్రపంచ యుద్ధంలో ప్రాణాలిచ్చిన నావికుడు, ఈ ఊరి అబ్బాయి కోలిన్ గ్రేజియర్ జ్ఞాపకంగా 2002లో పెట్టారు.

మీలో చాలామంది ‘యు-571’ సినిమా చూసే ఉంటారు. 2000లో వచ్చింది, మాథ్యూ మెకానహే హీరో. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నేవీ వాళ్లు జర్మన్ సబ్‌మెరైన్‌లోకి దూరి, సందేశాలను రహస్య కోడ్‌లోకి మార్చే ఎనిగ్మా మెషిన్ చేజిక్కించుకోవడం కథ. సినిమాగా నాకు చాలా ఇష్టం. వైజాగ్ ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ లోపలికి వెళ్లొచ్చిన వాళ్లకి ఆ ఇరుకు తెలుసు కదండీ, అలాంటి చోట కూర్చుని పైనుంచి డెప్త్ ఛార్జీలు, అంటే సబ్‌మెరైన్ల మీద వేసే నీటి బాంబులు పడుతుంటే వినాలి. ఆ శబ్దాలకే సౌండ్ ఎడిటింగ్ ఆస్కార్ వచ్చింది. అమెరికాలో వసూళ్లు కూడా బాగా వచ్చాయి.

ఇక్కడ బ్రిటన్‌లో మాత్రం జనానికి ఒళ్లు మండింది. 1941 మే 9న యు-110 అనే జర్మన్ సబ్‌మెరైన్ నుంచి ఎనిగ్మా మెషిన్, కోడ్ పుస్తకాలు తెచ్చింది హెచ్‌ఎంఎస్ బుల్‌డాగ్ నావికులు, అంటే బ్రిటిష్ వాళ్లు. అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలోకే దిగలేదు! పార్లమెంటులో ఈ మాట వచ్చినప్పుడు, ఇది ఆ నావికులకు అవమానమేనని ప్రధాని టోనీ బ్లేర్ కూడా ఒప్పుకున్నారు.

గ్రేజియర్ కథ వింటే ఆ కోపం ఎందుకో అర్థమవుతుంది. 1942 అక్టోబర్ 30 రాత్రి, మధ్యధరా సముద్రం. బ్రిటిష్ యుద్ధనౌక హెచ్‌ఎంఎస్ పెటార్డ్, మరికొన్ని ఓడలు కలిసి గంటల తరబడి తరిమితే యు-559 అనే జర్మన్ సబ్‌మెరైన్ పైకి తేలింది. జర్మన్లు దాన్ని వదిలేసి నీళ్లలోకి దూకారు. మునిగిపోతున్న ఆ సబ్‌మెరైన్‌లోకి పెటార్డ్ నుంచి లెఫ్టినెంట్ టోనీ ఫాసన్, గ్రేజియర్ ఈదుకుంటూ వెళ్లి దిగారు. వెనకాలే టామీ బ్రౌన్, క్యాంటీన్‌లో పనిచేసే 16 ఏళ్ల పిల్లాడు. వాళ్లిద్దరూ లోపలి నుంచి అందించిన పుస్తకాలను అతను పైకి చేరవేశాడు. ఇంతలో సబ్‌మెరైన్ ఒక్కసారిగా మునిగిపోయింది. బ్రౌన్ బయటపడ్డాడు, ఆ ఇద్దరూ రాలేదు. గ్రేజియర్‌కి అప్పుడు 22 ఏళ్లు. ఆ పుస్తకాల సాయంతోనే, పది నెలలుగా కొరుకుడుపడని జర్మన్ సబ్‌మెరైన్ల కోడ్‌ని బ్రిటన్‌లో శత్రువుల కోడ్‌లు విప్పే కేంద్రమైన బ్లెచ్లీ పార్క్ వాళ్లు డిసెంబర్‌లో మళ్లీ విప్పగలిగారు.

సినిమా చివర్లో బుల్‌డాగ్, పెటార్డ్ పేర్లు వేశారు. కానీ రెండు గంటలు ఒకళ్ల మొహాలు చూపించి, ఆఖర్న ఇంకొకళ్ల పేర్లు రాస్తే సరిపోతుందా? నా దృష్టిలో సరిపోదు. కథ రాసిన వాళ్లలో ఒకరైన డేవిడ్ ఎయర్ కూడా 2006లో అది చరిత్రను వక్రీకరించడమేనని, మళ్లీ అలా చేయనని చెప్పారు.

మన ‘ఘాజీ’ కూడా నాకు ఇక్కడే గుర్తొచ్చింది. 2017లో సంకల్ప్ రెడ్డి తీశారు, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. తెలుగులో ఇలాంటి సినిమా వచ్చినందుకు నాకెంతో గర్వం. అందులో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని ముంచేది మన సబ్‌మెరైన్. మన నేవీ చెప్పే ప్రకారం 1971 డిసెంబర్‌లో వైజాగ్ దగ్గర దాన్ని ముంచింది ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌక. పాకిస్తాన్ ఏమో అది ప్రమాదం అంటుంది. కల్పిత కథ అని సినిమా వాళ్లు ముందే చెప్పారు, అది వాళ్ల నిజాయితీ. అయినా రానా చేసిన పాత్ర గుర్తున్నంతగా రాజ్‌పుత్ పేరు మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు?

చూసేవాళ్లలో వైజాగ్ వాళ్లుంటే, ఆ డిసెంబర్ రాత్రుల గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. నేవీలో పనిచేసిన తాతయ్యలుంటే మరీ మంచిది. వాళ్లు చెప్పింది ఫోన్‌లో రికార్డ్ చేసి దాచుకోండి. సరే, పిల్లలు కోట వైపు లాగుతున్నారు, పదండి.